అన్నం చెయ్యి వైపు సూది

సాలమ్మ జీతం కాగితం మీద ఆమె పని 'హౌస్‌కీపింగ్' అని ఉంటుంది. పదకొండేళ్లుగా అదే మాట. నిజానికి ఆమె చేసే పని ఎలుకల మెదడు కోయడం. వెంట్రుక మందంలో సగం ఉండే పొరలుగా కోయడం.

ఉప్పల్ రోడ్డు మీద ఒక పరిశోధనా సంస్థ ఉంది. అందులో రెండో అంతస్తులో వినికిడి మీద పనిచేసే ల్యాబ్. ఒక మూల గదిలో చలిపెట్టె లాంటి మిషన్ ఉంటుంది. లోపల మైనస్ ఇరవై డిగ్రీలు, అడ్డంగా ఒక బ్లేడు, బయట ఒక చక్రం. చక్రం ఒక చుట్టు తిప్పితే గడ్డకట్టిన మెదడు ముక్క నుంచి ఒక పొర తెగి బ్లేడు మీద వాలుతుంది. అది ముడుచుకోకముందే సన్నటి కుంచెతో అందుకుని నీళ్లున్న గుంటలోకి జార్చాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. వేలు తగిలితే కరిగిపోతుంది. ఎమ్మెస్సీలు చదివి వచ్చిన పిల్లలు మొదటి ఆరు నెలలు ఈ గదిలోంచి ఏడుపు మొహాలతో బయటికి వచ్చేవారు.

సాలమ్మ ఆ గది ఊడ్వడానికి వచ్చింది. ఒకరోజు ఒక పిల్లవాడు పొర తర్వాత పొర చింపుకుంటూ ఉంటే చీపురు గోడకు ఆనించి, "జర నేను వట్టుకోనా సారూ?" అని అడిగింది. పట్టుకుంది. పొర చాపలా పరుచుకుంది. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె నాచారంలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసింది. ఒకదానికొకటి అంటుకుపోయిన పల్చటి ప్లాస్టిక్ కవర్లను వేలి కొసతో విడదీయడం, రోజుకు కొన్ని వేల సార్లు. ఆ వేళ్లు అక్కడ తయారయ్యాయి. ల్యాబ్ నడిపే శాస్త్రవేత్త నీరజ ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూసింది. మరుసటి రోజు నుంచి సాలమ్మ మిషన్ ముందు స్టూలు మీద కూర్చుంది. కాగితం మీద మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ల్యాబ్ గీస్తున్న పటం ఏమిటో చెప్పాలి. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. శబ్దం అక్కడే నరాల భాషలోకి మారి మెదడుకు వెళ్తుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, మెదడు నుంచి చెవికి కూడా నరాలు వస్తాయి. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే కాడ లాంటి భాగం ఉంటుంది, బ్రెయిన్‌స్టెమ్ అంటారు. కొన్ని కణాలు అక్కడ కూర్చుని చెవికి ఆజ్ఞలు పంపుతుంటాయి. శబ్దం మరీ ఎక్కువైనప్పుడు చెవి పదును తగ్గించే ఆజ్ఞ కూడా వాటిలో ఒకటి. సాలమ్మ దీన్ని తన భర్తకు ఇలా చెప్పింది: "చెవి మెదడుకు వార్త జెప్తది. మెదడు చెవికి 'జర నిమ్మళం' అని జెప్తది."

ఏ కణం ఏ చెవికి ఆజ్ఞ పంపుతుందో తెలుసుకోవడానికి ఎలుక ఎడమ చెవిలోకి రంగు ఎక్కిస్తారు. వారం రోజుల్లో ఆ రంగు నరం వెంబడి వెనక్కి పాకి, ఆజ్ఞ పంపే కణం దాకా చేరుతుంది. అప్పుడు మెదడు తీసి, కోసి, మైక్రోస్కోప్ కింద చూస్తే చీకట్లో ఆ కణాలు పచ్చగా మెరుస్తాయి. మెరిసేవి రెండు రకాలు. పెద్దవాటికి పుస్తకాల్లో పొడుగాటి పేరుంది. మొక్కజొన్న గింజల్లా ఉంటాయని సాలమ్మ వాటిని మక్కలు అంటుంది. అవి ఎక్కువగా అవతలి పక్కన ఉంటాయి. అంటే కుడి వైపు కూర్చుని, నరాన్ని మధ్య గీత దాటించి ఎడమ చెవికి పంపుతాయి. పదింటిలో ఏడు అలాంటివే. చిన్నవాటిని నువ్వులు అంటుంది. నువ్వులు ఎప్పుడూ రంగు వేసిన చెవి వైపే గుంపుగా ఉంటాయి. గీత దాటవు. ల్యాబ్‌లో అందరూ ఇప్పుడు మక్కలు, నువ్వులు అనే అంటారు.

ఒక చిక్కు ఉంది. పల్చటి పొర నీళ్లలో తిరగబడితే కుడి ఏదో ఎడమ ఏదో దేవుడికి కూడా తెలియదు. అందుకే గడ్డకట్టించే ముందు మెదడు కుడి అంచులో ఒక సన్నటి సూదిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుచ్చి తీస్తారు. అప్పుడు ప్రతి పొరలోనూ ఒక చిన్న రంధ్రం మిగులుతుంది. రంధ్రం ఉన్నది కుడి. ఈ పని సాలమ్మదే. మెదడు బోర్లా, ముక్కు వైపు అవతలికి ఉండేలా పళ్లెంలో పెట్టి ఇస్తారు. ఆమె అన్నం తినే చెయ్యి వైపు గుచ్చుతుంది. పదకొండేళ్లలో ఎన్ని వందల మెదళ్లో.

*

సాలమ్మ భర్త మొగిలయ్య నాచారంలోనే ఒక ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఇనుప రేకులను అచ్చుల్లో వేసి గుద్దే ప్రెస్సులు, మొత్తం ఆరు. అతని కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది దగ్గరగా మాట్లాడితే పనికొస్తుంది. ఇప్పుడు మల్లాపూర్ దగ్గర ఒక గోదాముకు వాచ్‌మన్. లారీల హారన్ వినపడదు కాబట్టి డ్రైవర్లు గేటు మీదికి చిన్న రాళ్లు విసురుతారు. ఇంట్లో, రోడ్డు మీద, షేర్ ఆటోలో సాలమ్మ ఎప్పుడూ అతనికి ఎడమ పక్కనే ఉంటుంది.

ఎలుకలుండే గది తలుపు మీద ఒక బోర్డు ఉంది. లోపల శబ్దం ఇంతకు మించకూడదు, తలుపు మెల్లగా వేయాలి, ఫోన్ మాట్లాడకూడదు. దగ్గర్లోని స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు టపాసుల మోతకు ఎలుకలు బెదురుతాయని నీరజ ప్రయోగాలు ఆపేస్తుంది. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు మొగిలయ్య చాలాసేపు నవ్వాడు.

"అయితె నన్ను గూడ గా ఎలుకలల్ల వెయ్యరాదె. తిండి వెడ్తరు, సప్పుడు గాకుంట సూస్కుంటరు."

"తర్వాత మెదడు దీస్తరయ్యా."

"ఆఁ?"

"మెదడు దీస్తరు!"

"తియ్యనీ. ఇరవై రెండేండ్లు అది నా చెవులకు ఒక్కపారి నిమ్మళం అనలేదు. ఉంటె ఎంత, లేకుంటె ఎంత."

ఒక ఎలుకకు రెండు గంటలు పెద్ద శబ్దం వినిపించాలంటే కమిటీ అనుమతి కావాలి. ఎందుకు, ఎంత, ఎన్ని ఎలుకలు అని పేజీలకు పేజీలు నింపాలి. మంచి నియమమే, ఉండవలసిందే. మొగిలయ్యకు ఇరవై రెండేళ్లు వినిపించడానికి మాత్రం ఎవరూ ఒక్క పేజీ కూడా నింపలేదు.

*

హృషికేశ్ ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ విద్యార్థి. సైనిక్‌పురిలో పెరిగాడు. నాన్న రైల్వేలో ఇంజనీరు. నెమ్మదస్తుడు, సాలమ్మను ఆంటీ అంటాడు. అతని ప్రశ్న ఇది: పెద్ద శబ్దం వల్ల చెవి దెబ్బతిన్నాక, మెదడు నుంచి చెవికి వచ్చే ఆ దారి ఏమవుతుంది? తొమ్మిది ఎలుకలకు శబ్దం వినిపించాడు, తొమ్మిదింటిని నిశ్శబ్దంలో ఉంచాడు. కొన్ని వారాల తర్వాత అన్నిటికీ ఎడమ చెవిలో రంగు ఎక్కించాడు. సాలమ్మ గుచ్చింది, కోసింది. అతను మక్కలు లెక్కపెట్టాడు.

శబ్దం విన్న తొమ్మిదింటిలో నాలుగు ఎలుకల్లో లెక్క తారుమారైంది. పదింటిలో ఏడు మక్కలు అవతల ఉండాల్సింది, ఇవతల ఉన్నాయి. నీరజ నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టమంది. మూడుసార్లు లెక్కపెట్టినా అదే సంఖ్య. మెల్లగా ఆమె కళ్లలో కూడా ఆశ మొదలైంది. దెబ్బతిన్న చెవి కోసం మెదడు కొత్త దారి వెతుక్కుంటోందేమో! అన్నిటిలో కాకపోయినా కొన్నిటిలో.

ఆ సాయంత్రం సాలమ్మ ఇంటికి పోయి చెప్పులు కూడా విడవకుండా మొగిలయ్య ఎడమ చెవి దగ్గర వంగింది.

"ఓ అయ్యా, నీ మెదడు గూడ తొవ్వ మార్చుకుంటదేమో! ఎలుకలల్ల మార్చుకున్నదట."

మొగిలయ్య ఆమెను అలాగే చూశాడు. "నిజమేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి కుడి చెవి దగ్గర వేళ్లతో చిటిక వేసుకుని వినడం మొదలుపెట్టాడు. అడిగితే చెవి దురద అనేవాడు.

అదే రోజుల్లో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజర్‌గా ఉన్న మహిపాల్ సాలమ్మను మెట్ల దగ్గర ఆపాడు. అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే.

"సాలమ్మక్కా, కొత్త టెండరు వస్తున్నది. హౌస్‌కీపింగోళ్లు ఎవలెవలు ఏమేం పనులు జేస్తున్నరో రాసియ్యుమని ఆఫీసోళ్లు అడుగుతున్నరు. నీ సంగతి నేను రాయలే."

"రాస్తె ఏమైతది?"

"ఏమైతదా? ఒక్క మిస్టేక్ దొరుకనీ, గా స్టూలు మీదికెల్లి దింపి నేల తుడ్సే మాపు వట్టిస్తరు. జర పైలం."

ఆ స్టూలు సాలమ్మకు ఏమిటో మహిపాల్‌కు తెలుసు. ఆమె పుట్టి పెరిగాక మొదటిసారి ఒకరు ఆమె చేతిని చూసి, 'ఇది నువ్వే చేయగలవు' అన్న చోటు అది. మాపు ఎవరైనా పట్టవచ్చు. ఆ పొరను అలా పరచగలిగింది ఆమె ఒక్కతే.

*

బెంగళూరులో ఒక సదస్సు కోసం హృషికేశ్ పెద్ద పోస్టరు వేయించాడు. పంపే ముందు అందరూ చూడాలని శుక్రవారం మధ్యాహ్నం నడవా గోడకు అంటించాడు. కంప్యూటర్‌లో అతను ఎప్పుడూ మక్కల చుట్టూ ఒక గడి గీసుకుని, ఆ గడిలో ఉన్నవే లెక్కపెట్టేవాడు. పోస్టరు మీద మాత్రం అందం కోసం ఒక ఎలుక మెదడు పొర మొత్తం ఫొటో పెట్టాడు. మూరెడు వెడల్పు బొమ్మ. నల్లటి నేల మీద పచ్చటి చుక్కలు.

సాలమ్మ టిఫిన్ డబ్బా కడుక్కుని వస్తూ దాని ముందు ఆగింది. మక్కలు చూసింది. రంధ్రం చూసింది. తర్వాత నువ్వులు చూసింది.

నువ్వులు రంధ్రం వైపు ఉన్నాయి.

రంధ్రం అంటే కుడి. రంగు వేసింది ఎడమ చెవికి. నువ్వులు గీత దాటవు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా దాటగా ఆమె చూడలేదు. మక్కలు తారుమారైతే కొత్త దారి అనవచ్చు. మక్కలు, నువ్వులు అన్నీ కలిసి ఇటువి అటు పోయాయంటే దారి మారినట్టు కాదు, బొమ్మ తిరగబడినట్టు. బొమ్మ తిరగబడిందంటే సూది తప్పు వైపు దిగినట్టు.

ఆమె దగ్గర ఒక రెండువందల పేజీల నోటుబుక్కు ఉంటుంది. అందులో ప్రతి ఎలుక నంబరు, పక్కన ఒక గుండ్రం, గుండ్రంలో సూది గుచ్చిన చోట ఒక చుక్క. పోస్టరు మీది ఎలుక నంబరు వెతికింది. దానితో పాటు అదే రోజు ఇంకో మూడు. మొత్తం నాలుగు.

ఆ రోజు గుర్తొచ్చింది. హృషికేశ్ లోపలి చెవి ఎముకలు కూడా విడిగా కావాలని పుర్రెను కింది నుంచి తెరిచాడు. మెదడు తీసి, పైనుండే చిన్నమెదడును కూడా తనే కోసేసి, పని తొందరగా అవుతుందని నాలుగింటినీ వరుసగా పళ్లెంలో పెట్టి వెళ్లాడు. చిన్నమెదడు లేకపోతే ఏది వీపు, ఏది పొట్ట అన్నది ఒక్క చూపులో తెలియదు. అప్పుడే మహిపాల్ తలుపు దగ్గర నిలబడి, "అక్కా, దిల్లీ నుంచి పెద్దోళ్లు వస్తున్నరు, మూడో అంతస్తు తుడ్సుడు కాలే, మనుషులు సాల్తలేరు, జల్ది" అని తొందరపెట్టాడు. ఆమె నాలుగింటికీ ఒక్క ఊపున అన్నం చెయ్యి వైపు గుచ్చి, పెట్టెలో పెట్టి, పైకి పరుగెత్తింది. మెదళ్లు వెల్లకిలా ఉన్నాయి. వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్ల దగ్గర నిలబడితే వాడి కుడి మన ఎడమకు వస్తుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. సూది ఆ రోజు తేలిగ్గా దిగింది. ఎప్పుడూ తగిలే చిన్న బిగువు తగల్లేదు. వేళ్లు ఆ సంగతి చెప్పాయి. వినడానికి ఆమెకు తీరిక లేదు.

మీరు గమనించారో లేదో, ఒకే జీతానికి రెండు పనులు చేయించుకున్న రోజు అది. ఈ మాట సాలమ్మ ఎక్కడా అనలేదు.

*

శనివారం సాయంత్రం నాచారం చెరువు వెనక గల్లీలో, ఇంటి ముందు గద్దె మీద మొగిలయ్య కూర్చుని ఉన్నాడు. సాలమ్మ చుట్టూ తిరిగి వచ్చి అతని ఎడమ పక్కన కూర్చుంది.

"ఏంది, నిన్నటి సంది మొకం గట్ల వెట్టినవ్?"

చెప్పింది. కొన్ని మాటలు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మధ్యలో పక్కింటామె తొంగిచూసి, "ఏం కొట్లాట సాలక్కా?" అని అడిగి పోయింది. చెవిటివాడితో రహస్యం మాట్లాడటం గల్లీకంతా మైకు పెట్టడమే.

అంతా విన్నాక మొగిలయ్య అడిగిన మొదటి మాట: "అంటె మెదడు తొవ్వ మార్చలేదా?"

"మార్చలే."

అతను కుడి చెవి రుద్దుకున్నాడు. "నేననుకున్నలే" అన్నాడు. అనుకోలేదని ఇద్దరికీ తెలుసు.

"జెప్తె స్టూలు పోతదయ్యా."

"పోతదా?"

"మహిపాల్ ఆనాడే అన్నడు. మల్ల మాపు వట్టాలె."

మొగిలయ్య తనకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ప్రెస్సుల సప్పుడు కొలువనీకి ఒకపారి ఆఫీసర్లు వచ్చిన్రు, యాదున్నదా? గా దినం మేనేజరు ఆరిట్ల నాలుగు ప్రెస్సులు బంద్ వెట్టిచ్చిండు. మీటరు ఎనభై రెండు సూపిచ్చింది, తొంభై దాటితెనే తప్పంట. మీటరుది తప్పు లేదు. మనిషి సూపిచ్చిండు తప్పు. కార్మికుల దిక్కుకెల్లి సంతకం ఎవలు వెట్టిన్రు? నేనే. నన్ను పిలిచి కుర్సీ ఏసిన్రని మురిసి వెట్టిన."

"గది ఎప్పటి ముచ్చట?"

"ఎప్పటిదైతేంది. గా తర్వాత చెవులకు వెట్టుకునే డొప్పలు గావాలని అడిగితె ఏమన్నరు? రిజిస్టర్ల ఎనభై రెండే ఉన్నది, మీకెందుకుర అన్నరు. పదేండ్లు గదే మాట. నాతోటోళ్లు ఎంతమంది చెవులు వోయినయో నీకెర్కలేదా? గా కాగితం ఇంక గా బీరువలనే ఉంటది. నేను సచ్చినంక గూడ అది ఎనభై రెండే అంటది."

"నువ్వొక్కనివి జెప్తె ఇంటుండెనా?"

"ఇనకపోతుండె. గని నేను జెప్పలే గద." కొంచెం ఆగి, ఆమె వైపు తిరిగాడు. "గా లెక్క ఇని నువ్వు నాకేమన్నవ్? ఫికర్ వడకు, నీ మెదడే సర్దుకుంటది అన్నట్టు అన్నవ్. రేపు ఇంకో మేనేజరు ఇంకో మొగిలయ్యకు గదే జెప్తడు. డొప్పలెందుకుర, నీ మెదడే తొవ్వ సూస్కుంటది అంటడు. కాగితం గూడ సూపెడ్తడు. మీ ల్యాబుది."

సాలమ్మ తన వేలి కొసలు చూసుకుంది.

"స్టూలు మంచిగనే ఉంటదే," అన్నాడు మొగిలయ్య. "కుర్సీ గూడ మంచిగనే ఉండె."

*

సోమవారం పది గంటలకు ల్యాబ్‌లో అందరూ కూర్చుని వారం పనుల గురించి మాట్లాడుకుంటారు. సాలమ్మ మామూలుగా ఆ సమయంలో మిషన్ దగ్గర ఉంటుంది. ఆ రోజు నోటుబుక్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"రండి సాలమ్మ గారూ, కూర్చోండి," అంది నీరజ.

"కూసోను మేడం. గోడ మీది బొమ్మ తప్పు. సూది నేను తప్పు దిక్కు గుచ్చిన. నాలుగింటికి."

హృషికేశ్ నవ్వబోయి ఆగాడు. "ఆంటీ, మీరు పొరబడుతున్నారు. మూడుసార్లు లెక్కపెట్టాను నేను."

"లెక్క తప్పంటలేను సారూ. మీరు మక్కలు లెక్కవెట్టిన్రు. నువ్వులు ఎవలు సూసిన్రు?"

నీరజ లేచింది. మైక్రోస్కోప్ ఉన్న చీకటి గదిలోకి నడిచింది. వెనక హృషికేశ్, అతని వెనక సాలమ్మ. తొమ్మిది ఎలుకల స్లైడ్లు ఒక్కొక్కటే పెట్టింది. ఐదింటిలో నువ్వులు రంధ్రానికి అవతల ఉన్నాయి. నాలుగింటిలో రంధ్రం పక్కనే ఉన్నాయి. అవే నాలుగు.

నీరజ కంటి అద్దం నుంచి తల ఎత్తకుండానే అడిగింది. "హృషీ, ఈ నాలుగింటిని ఎలా పెట్టావు?"

"నాకు... గుర్తు లేదు మేడం."

"నాకు యాదికున్నది," అంది సాలమ్మ. "మీరు ఎల్లకిల వెట్టిన్రు. నేను అడుగకుంట గుచ్చిన. సగం సగం."

"సగం సగం కాదు ఆంటీ." అన్నాడు హృషికేశ్. "నాకిది రెండేళ్లు."

రెండేళ్లు ఎంత పొడుగో ఆమెకు తెలుసు. ఆ రెండేళ్ల పొరలన్నీ కోసింది ఆమే.

నాలుగింటినీ సరైన వైపుకు తిప్పి లెక్కవేస్తే, శబ్దం విన్న ఎలుకలకూ వినని ఎలుకలకూ తేడా లేదు. పదింటిలో ఏడు అవతలే. దారి మారలేదు. చెవి దెబ్బతిన్నా మెదడు అదే పాత దారిలో, అదే పాత ఆజ్ఞ పంపుతూనే ఉంది. అవతల వినేవాళ్లు లేకపోయినా సరే.

పోస్టరు గోడ మీది నుంచి దిగింది. సదస్సుకు పంపిన సారాంశాన్ని నీరజ వెనక్కి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆఫీసుకు రాయాల్సి వచ్చింది. నిజమే రాసింది. రాశాక ఆఫీసు నుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది, ఎలుకల గురించి కాదు, మెదడు గురించి కాదు: హౌస్‌కీపింగ్ మనిషి ఆ మిషన్ మీద ఎందుకు ఉంది?

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టు సిబ్బంది ప్రయోగశాల మిషన్లను ముట్టుకోరాదు. మిషన్ గది గుమ్మం దగ్గర నేల మీద పసుపు టేపు అంటించారు. అది దాటరాదు. టేపు అంటించిన మనిషి కూడా కాంట్రాక్టు మనిషే.

నీరజ ఆమెను తన గదికి పిలిచింది. "పదకొండేళ్ల కిందే నేను మీ పోస్టు మార్పించాల్సింది," అంది. "పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను." అది నిజం. నీరజ మంచి మనిషి. ఆ మంచితనం నీడలోనే పదకొండేళ్లు ఆ కాగితం మీద మాట మారకుండా ఉండిపోయింది. ఇప్పుడు ఆమె సాలమ్మను టెక్నికల్ అసిస్టెంట్‌గా తీసుకోమని దరఖాస్తు పెట్టింది. డిగ్రీ ఉందా అని ఆఫీసు అడిగింది. వందల మెదళ్లు కోసిన నోటుబుక్కు ఉంది అని నీరజ జవాబు రాసింది. ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో ఈ మాటలు రాసే నాటికి తెలియదు.

దారి మారలేదన్న సంగతినే హృషికేశ్ కొత్త వ్యాసంగా రాశాడు. అంత గొప్ప సంగతి కాదు, చిన్న పత్రికకు వెళ్లింది. అందులో ఒక వాక్యం ఉంది: ప్రతి మెదడులోనూ చిన్న కణాలు ఏ వైపు ఉన్నాయో చూసి కుడి ఎడమలు సరిచూసుకున్నాం. రచయితల పేర్లలో నాలుగోది, ఎం. సాలమ్మ. ప్రింటు తీసిన కాగితం ఇంటికి తెచ్చి, ఆమె ఆ వరుసను మొగిలయ్య ఎడమ చెవిలో చదివింది.

"ఇనవల్లే. మల్ల జెప్పు."

చదివింది.

"ఆఁ?"

మూడోసారి చదువుతూ అతని మొహం చూసింది. వినపడుతూనే ఉంది ముసలాడికి.

ఇప్పుడు సాలమ్మ రెండో, మూడో అంతస్తులు తుడుస్తుంది. మిషన్ మీద హృషికేశ్ కూర్చుంటున్నాడు. మొదటి నెల పొరలు ముడతలు పడ్డాయి, చిరిగాయి, కరిగాయి. అతను నెల రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు కుంచె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "ఆంటీ, ఊపిరి ఎప్పుడు బిగబడతారు, తెగే ముందా తెగాకా?" అని అడిగాడు. ఆమె మాపు గోడకు ఆనించి, టేపుకు ఇవతల నిలబడి, గాలిలో చక్రం తిప్పి చూపించింది.

నిన్న పొద్దున అతను పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. పళ్లెంలో చిన్నమెదడు తీసేసిన మెదడు, పక్కన సూది. పళ్లాన్ని టేపు మీదుగా ఆమె వైపు చాచాడు. ఆమె వంగి చూసింది. ముట్టుకోలేదు.

"ఎల్లకిల ఉన్నది సారూ. తిప్పున్రి."

అతను తిప్పాడు.

"ఇగ ఇప్పుడు గుచ్చున్రి. అన్నం చెయ్యి దిక్కు."